స్లాబు కింద ముక్కాలిపీట

నా చిన్నప్పుడు మా అనకాపల్లిలో కళ్లు మూసుకుని గులకరాయి విసిరితే అది తప్పకుండా ఎవరో ఒక మాస్టర్ నెత్తిన పడేది. జాకెట్లు కుట్టేవాడు టైలర్ మాస్టర్. పెళ్లిళ్లలో బాకా ఊది ఊది బుగ్గలు పూర్ణం బూరెలంత చేసుకున్నవాడు బ్యాండు మాస్టర్. రైలుకి జెండా ఊపేవాడు స్టేషన్ మాస్టర్, ఉత్తరాల మీద ముద్రలు గుద్దించేవాడు పోస్టు మాస్టర్. బస్టాండు దగ్గర గ్లాసుకీ గ్లాసుకీ మధ్య రెండు గజాల తీగ సాగదీసేవాడు టీ మాస్టర్. ఆ తీగకి బట్టలు ఆరేసుకున్న వాళ్లున్నారని చెప్పుకునేవారు గానీ, నేను మాత్రం కళ్లారా చూసింది ఒక్క తువ్వాలే.

వీళ్లందరి మీదా ఛత్రం పట్టినట్టుండే మహామాస్టర్ మా బడి హెడ్‌మాస్టారు. ఆయన మీసాలకి విడిగా హాజరుపట్టీ ఉండేదంటారు. ఆయన దగ్గితే ఆరో తరగతి గోడకి సున్నం రాలేది. ఆయనకొక టేకు చేతుల కుర్చీ ఉండేది. అది కదలాలంటే నలుగురు పదో తరగతి మొగపిల్లలు కావాలి. అందులో ఇంకెవరూ కూర్చోకూడదు. ఒకసారి తెలియక ఒక పిల్లి కూర్చుంటే, దానికి టీసీ ఇచ్చి పంపించేశారు.

ఇన్ని రకాల మాస్టర్లున్న ఊళ్లో మా తాతయ్యని మాత్రం ఎవరూ మాస్టర్ అనేవారు కారు. ఆయన తాపీమేస్త్రి. మా నాన్న లారీ మీద పాయకరావుపేటకీ అవతలకీ తిరుగుతూ ఉండేవాడు కాబట్టి నేను తాతయ్య దగ్గరే పెరిగాను. ఆయన అరచేతులు ఎంత గరుకంటే, నా వీపు రుద్దడానికి పీచు అక్కర్లేకపోయేది. గోడకేసి ఒక కన్ను మూసి చూశాడంటే, ఆ గోడ భయపడి నిటారుగా నిలబడేది. దారానికి కట్టిన ఇత్తడి గుండు ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. దాన్ని గోడ మీంచి వేలాడదీసి వంకర చూసేవాడు. నేను అబద్ధం చెప్పినప్పుడు కూడా అదే గుండు తీసి నా ముక్కు ముందు వేలాడదీసేవాడు. నిజం దానంతటదే బయటికొచ్చేసేది.

నేను ఏడో తరగతిలో ఉండగా బడివాళ్లు ఒక కాగితం నింపమన్నారు. సంరక్షకుడి పేరు, సంరక్షకుడి వృత్తి. ఊళ్లో ఇందరు మాస్టర్లుండగా మా తాతయ్యకి ఏం తక్కువైందనిపించింది. 'తాపీ మాస్టర్' అని గుండ్రంగా రాసిచ్చాను. మర్నాడు ప్రార్థన దగ్గర హెడ్‌మాస్టారు ఆ కాగితాన్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని ఊపారు. నాలుగు వందల మంది ముందు నన్ను పిలిచారు.

"మేస్త్రి వేరు, మాస్టర్ వేరు. వంద సార్లు రాసి తీసుకురా. అప్పటిదాకా క్లాసులో నిలబడే ఉండు."

అందరూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు రాలేదు. చెవుల్లోంచి మాత్రం ఆవిరి వచ్చింది. చింతచెట్టు కింద నిలబడ్డ వాళ్లకి కూడా ఆ వేడి తగిలిందట.

ఇందులో ఇంకో తమాషా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బడికి కొత్త గది కడుతున్నారు. ఒక బెల్లం షావుకారు తన తండ్రి పేరు మీద కట్టిస్తున్న గది అది. కడుతున్న మేస్త్రి మా తాతయ్యే. అంటే నేను పగలంతా పాత గదిలో నిలబడి ఉంటే, కిటికీలోంచి కొత్త గది మీద నిలబడ్డ తాతయ్య కనిపించేవాడు. ఇంటిల్లిపాదీ నిలబడే ఉన్నామన్నమాట.

సాయంత్రం పక్కింటి అక్క నా ముఖం చూసి పట్టేసింది. అక్క బి.ఏ. చదివేది, అందులోనూ ఇంగ్లీషు లిటరేచరు. మా వీధిలో ఇంగ్లీషులో తుమ్మగలిగిన మనిషి ఆమె ఒక్కతే. కాలేజీలో వ్యాసం పోటీకి బహుమతిగా వచ్చిన డిక్షనరీ ఒకటి ఆమె దగ్గర ఉండేది. అది బెల్లం దిమ్మంత ఉండేది, బరువు కూడా అంతే. తెరిస్తే అక్షరాలు చీమల బారుల్లా కనిపించేవి. మా ఊరి చీమలు కూడా పొరబడి ఒకటి రెండు అందులో దూరాయి.

"ఏటే, మూతి అలా ఉంది? ఎవరేటన్నారు?"

జరిగింది చెప్పాను. అక్క కొంగు నడుముకి దోపింది, దిమ్మని ఒళ్లో పెట్టుకుంది, ఎం అనే అక్షరం దగ్గర గునపం వేసినట్టు వేలు దించింది.

మాస్టర్ అనే మాట ఇంట్లో చాలా గదులున్నాయి. మొదటి గదిలో యజమాని కూర్చుని ఉన్నాడు, అంటే నౌకర్లకీ ఓడకీ కుక్కకీ ఇంటికీ పెద్ద. తన మాట చెల్లించుకునేవాడు. పక్క గదిలో పంతులు. ఇంకో గదిలో పని తెలిసినవాడు, చేతిలో విద్య ఉన్నవాడు. పూర్వం ఆ దేశాల్లో వడ్రంగి గానీ కంసాలి గానీ ఏళ్ల తరబడి ఒకరి దగ్గర పని నేర్చుకుని, చివర్లో తన చేతులతో ఒక వస్తువు చేసి పెద్దల ముందు పెట్టాలట. అది నిలబడితేనే వాడు మాస్టర్. ఈ అధికారి గదికీ ఆ పనివాడి గదికీ మధ్య తలుపు ఉందో లేదో డిక్షనరీ చెప్పలేదు.

తర్వాత అక్క ఆ మాట తాతముత్తాతల్ని తవ్వింది. లాటిన్ అనే పాత భాషలో 'మాగిస్' అంటే 'ఎక్కువ' అట. దాంట్లోంచి 'మాగిస్టర్' పుట్టింది, అంటే ఎక్కువవాడు. అది ఇంగ్లీషువాళ్ల నోట నలిగి మాస్టర్ అయింది. ఇంకా అరిగి, ప్రతి అడ్డమైనవాడి పేరు ముందూ తగిలించే మిస్టర్ అయింది. పోర్చుగీసు వాళ్ల నోట అదే 'మెస్త్రే' అయింది. వాళ్లు ఓడలెక్కి మన దేశపు రేవుల్లో దిగినప్పుడు, అలమారా లాంటి సామాన్లతో పాటు ఈ మాటని కూడా దించేశారు. అది చేతులు మారి మారి, ఇటుకలు మోసేవాళ్ల నోటికి వచ్చేసరికి మేస్త్రి అయి కూర్చుంది.

"అర్థమైందా పిల్లా? మీ హెడ్‌మాస్టరూ మీ తాతా ఒక తల్లి బిడ్డలే. ఒకడు లండన్ దారినొచ్చేడు, ఒకడు ఓడరేవు దారినొచ్చేడు. అంతే తేడా."

ఇంకా చోద్యం, మినిస్టర్ అన్న మాట 'తక్కువ' నుంచి పుట్టిందట. సేవ చేసేవాడని అర్థమట. అది చదివి అక్క ఎంత నవ్విందంటే, వీధి చివర కట్టేసిన గేదె తాడు తెంపుకుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక అనుమానం వచ్చింది. "ఎక్కువంటే ఏటెక్కువక్కా? జీతమా, మీసమా?"

అక్క మళ్లీ చూసింది. పేజీ తిప్పింది. "అది రాయలేదే. ఉత్తి ఎక్కువ అని రాసి వదిలేసేడు."

ఆ వంద సార్లూ రాయకూడదని నేను ఆ క్షణాన తీర్మానించుకున్నాను. బతికున్నంత కాలం నిలబడే చదువుకుంటాను, నిలబడే పరీక్షలు రాస్తాను, నిలబడే పెళ్లి చేసుకుంటాను గానీ రాయను. ఈ సంగతంతా తాతయ్యకి చెప్పాను. ఆయన తాపీ కడుక్కుంటూ విని, "డిక్సనరీకి ఏటి తెలుసే అమ్మా, దానికి సెంట్రింగు ఇప్పడం వచ్చా?" అన్నాడు.

సెంట్రింగు సంగతి ఇక్కడ చెప్పాలి. స్లాబు పోసే ముందు కింద చెక్కలు పరిచి, వాటిని మోయడానికి సరుగుడు బాదులు నిలబెడతారు. కొత్త గదిలో ఆ బాదులు ఎన్నున్నాయంటే, భీమిలి దాకా ఉన్న సరుగుడు తోటలన్నీ మా బడిలో అడ్మిషన్ తీసుకున్నట్టుండేది. పైన స్లాబు మీద పొలంలోలాగా మడులు కట్టి నీళ్లు నిలబెట్టారు. అలా తాగుతూ తాగుతూ స్లాబు గట్టిపడుతుంది. ఆ నీళ్లు చూసి కొండకర్ల ఆవ చెరువుకి వెళ్లాల్సిన కొంగలు విలాసం తెలియక రెండు రోజులు మా బడి మీదే మకాం వేశాయి. ఇరవై ఒక్క రోజుల దాకా బాదుల్ని ముట్టుకోకూడదు. అది తాతయ్య లెక్క.

ఆ పనిలో తాతయ్యదీ, ఆయనకి పని నేర్పినవాళ్లదీ ఒక రివాజు ఉండేది. సెంట్రింగు విప్పే రోజున "ఇప్పండి" అనే మాట మేస్త్రి నోటితో అనాలి. అన్నవాడు స్లాబు కింద, సరిగ్గా నడిమధ్యన ముక్కాలిపీట వేసుకుని కూర్చోవాలి. ఒక్కొక్క బాదూ ఊడదీస్తుంటే ఆయన కింద కూర్చుని చుట్ట కాలుస్తూ ఉంటాడు. ఆఖరి బాదు ఊడేదాకా లేవకూడదు. కూలివాళ్లు కప్పు వైపు చూడరు, మేస్త్రి చుట్ట వైపు చూస్తారు. చుట్ట వణక్కపోతే స్లాబూ వణకదని వాళ్ల ధైర్యం. తాతయ్య అలా ఎన్ని కప్పుల కింద కూర్చున్నాడో లెక్కలేదు. ఆ ముక్కాలిపీట అరిగి అరిగి నల్లరాయిలా మెరిసేది.

స్లాబు పోసిన తొమ్మిదో రోజున హెడ్‌మాస్టారికి కబురొచ్చింది. సోమవారం నాడు విశాఖపట్నం నుంచి చదువుల శాఖ పెద్దాఫీసరు వస్తున్నారు. ఆ రోజే కొత్త గదికి రిబ్బను కత్తిరించాలి. లోపల మా ఏడో తరగతి పిల్లలు యాభై మంది బెంచీల మీద కూర్చుని స్వాగతం పాట పాడాలి. పొట్టిదాన్ని కాబట్టి నాకు మొదటి వరస. ఆ ఒక్కరోజుకి నాకు కూర్చునే శిక్ష విధించారు.

సోమవారానికి స్లాబు వయసు పన్నెండు రోజులు.

హెడ్‌మాస్టారు చేతికర్ర ఊపుకుంటూ గది దగ్గరికొచ్చి, రేపే బాదులు తీసేయమన్నారు. తాతయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇరవై ఒక్క రోజులు బాబూ. పుట్టిన పిల్లని కూడా ఇరవయ్యొకటో నాటికి గానీ ఉయ్యాల్లో ఎయ్యం కదండీ. పచ్చి సిలాబు. లోన పిల్లలు కూకుంటారు."

"సిమెంటు గట్టిపడింది. నేను కర్రతో కొట్టి చూశాను."

"పైన గట్టిగానే ఉంటాది బాబూ. లోపలింకా నిద్దరోతంది."

"ఇక్కడ మాస్టర్ ఎవరు? నువ్వా, నేనా? నీ వల్ల కాకపోతే చెప్పు, పాయకరావుపేట నుంచి ఇంకో మేస్త్రిని రప్పిస్తాను. గంటలో పీకేసి పోతాడు."

తాతయ్య తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. ఆయన ముఖం అలా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. కాదంటే ఆయన్ని పంపేసి ఇంకొకణ్ని తెస్తారు. వాడు పీకేసి పోతాడు. సోమవారం నాడు ఆ పచ్చి స్లాబు కింద యాభై మందిమి నోరు తెరిచి పాట పాడుతుంటాం. అవునంటే ఆ పని తన చేత్తోనే చేసినట్టవుతుంది. రెండు దారుల చివరా మేమే ఉన్నాం.

పక్కనే ఇసక జల్లిస్తున్న మామ్మ ఒకామె ఉండేది. తాతయ్య ముఠాలో అందరికంటే పెద్దది. చుట్టని నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ పీల్చేది. నోట్లో నిప్పున్నా మాట ఆగేది కాదు. "పిల్లల సేత పాట పాడిత్తారో, సిలాబే పాడతాదో," అని గాలికి చెప్పింది. హెడ్‌మాస్టారు గాలి మాట విననట్టే వెళ్లిపోయారు.

సాయంత్రం బంట్రోతు ఒక కాగితం తెచ్చి తాతయ్య చేతికిచ్చాడు. తాతయ్యకి చదువు రాదు. నేనే చదివాను. వంకాయరంగు సిరాతో, అరవై నాలుగు వంకర్లున్న సంతకంతో, ఇలా ఉంది: రేపు ఉదయం పది గంటలకు నూతన తరగతి గది బాదులను తొలగించవలెను, ప్రధానోపాధ్యాయుల ఉత్తర్వు. హెడ్‌మాస్టారికి రాతపూర్వకంగా ఉత్తర్వులివ్వడమంటే మహా ప్రీతి. గంట కొట్టమని గంటకి కూడా రాసిచ్చేవారు.

తాతయ్య నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు. "అడుగున ఎవరి పేరుంది?" అని ప్రతిసారీ అడిగాడు. నేను ప్రతిసారీ చెప్పాను. మూడోసారికి ఆయన ముఖం విచ్చుకుంది. కాగితం మడిచి రొంటిన దోపుకుని, "రేపు నా తెల్ల పంచె తియ్యి," అన్నాడు.

మర్నాడు పది గంటలకి బడంతా కొత్త గది ముందు వరసల్లో నిలబడింది. ఉత్తర్వు ఎలా అమలవుతుందో పిల్లలు చూసి నేర్చుకోవాలని హెడ్‌మాస్టారే నిలబెట్టించారు. అది ఆయన చేసిన రెండో తప్పు. తాతయ్య పెళ్లికొడుకులా తెల్ల పంచె కట్టుకుని, ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ముక్కాలిపీట పట్టుకుని వచ్చాడు. పీట తీసుకెళ్లి గది మధ్యలో వేశాడు. దాని పైన కూర్చోలేదు. పంచె కొంగుతో తుడిచాడు. బయటికొచ్చి చేతులు జోడించాడు.

"రండి బాబూ, కూకోండి."

"నేనా? ఎందుకు?"

"ఇప్పమన్నోడే కింద కూకోవాల. మా పనిలో అది రివాజు. ఇన్నాళ్లూ ఇప్పమన్నోణ్ణి నేనే కాబట్టి నేనే కూకునేవోణ్ణి. ఈ తడవ తమరు రాసిచ్చేరు. మా మనవరాలు మూడు సార్లు సదివింది. మూడు సార్లూ తమరి పేరే వచ్చింది. ఇంక ఈ సిలాబుకి మేస్త్రి తమరే."

గాలి ఆగిపోయింది. నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టేసరికి బడి చుట్టూ ఉన్న గాలంతా మిగిలిపోయి, బజారులో బెల్లం వాసన మా వైపు రావడానికి చోటు లేక వెనక్కి తిరిగిందట. మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆవిడ చుట్ట తీయడం అప్పటికి ఎవరూ చూడలేదు.

"పీట మీదేటిరా మేస్త్రీ, మేస్టారి పంచె నలిగిపోదూ? ఆ సింవాసనం అట్రండిరా అబ్బీ!"

ఎప్పుడూ ఆపసోపాలు పడుతూ కుర్చీ మోసే మొగపిల్లలు ఆ రోజు వల లాగే బెస్తవాళ్లలా హైలెస్సా అంటూ క్షణంలో తెచ్చేశారు. బాదుల మధ్యన, సరిగ్గా గది నడుమ, టేకు కుర్చీ కూర్చుంది. ఇక అందులో ఆయనే కూర్చోవాలి. ఇంకెవరూ కూర్చోకూడదని రూలు పెట్టింది కూడా ఆయనే.

వెనక్కి తగ్గితే నాలుగు వందల మంది చూస్తున్నారు. హెడ్‌మాస్టారు లోపలికి నడిచారు. ఆయన్ని నేను మెచ్చుకోవాల్సిన విషయం అదొక్కటే, నడిచారు. కూర్చున్నారు. మీసం సరిచేసుకున్నారు.

"కాళ్లు ఇలాగ బాబూ. ఆ బాదు పడితే తగుల్తాది," అన్నాడు తాతయ్య చాలా మర్యాదగా. సుత్తి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. "ఇంక నోటితో అనాల బాబూ. 'ఇప్పండి' అనండి సాలు."

హెడ్‌మాస్టారు గొంతు సవరించుకున్నారు. సున్నం రాలలేదు. పైన మడిలో నిలిచిన నీరు ఎక్కడో చెక్కల సందున దారి చూసుకుని, ఒక్క చుక్క, ఆయన బట్టతల మీద టప్పున పడింది. ఆయన మెల్లగా తలెత్తి చూశారు. ఆ గది కట్టడం మొదలుపెట్టాక ఆయన దాని కప్పు వైపు కింద నుంచి చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

తాతయ్య సుత్తితో టంగున ఒకటి కొట్టాడు.

హెడ్‌మాస్టారి మీసం కుడి సగం కిందికీ, ఎడమ సగం పైకీ పోయింది.

"అనండి బాబూ."

ఆయన తల దించి బయటికి చూశారు. మొదటి వరసలో నేనున్నాను. నేనేమీ నవ్వలేదు. రెప్ప వేయకుండా ఆయన్నే చూశాను. నా జీవితంలో అంతకు ముందు గానీ తర్వాత గానీ ఒక పెద్దమనిషిని అంతసేపు అలా చూడలేదు. నా పక్కన రెండు జడల పిల్ల, దాని పక్కన ముక్కు చీదుకుంటున్న పిల్లాడు, వాడి పక్కన ఇంకొకడు. సోమవారం నాడు ఆ కుర్చీ చోట మా బెంచీలుంటాయి. ఆ లెక్క ఆయన ముఖంలో పడడం నాకు కనిపించింది. ఒక్కొక్క పిల్లనే దాటుకుంటూ ఆయన చూపు వరస చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది.

"మేస్త్రీ," అన్నారు చిన్నగా. "ఇంకా ఎన్ని రోజులన్నావు?"

"పదకొండు బాబూ."

ఆయన గడియారం తీసి చూసుకున్నారు. లేచి నిలబడ్డారు. "ఇప్పుడు వర్జ్యం," అన్నారు గట్టిగా, అందరికీ వినబడేలా. "పని వాయిదా."

"వర్జెం వొచ్చింది, బతికేం!" అంది మామ్మ, చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంటూ. బడి బడంతా పగలబడి నవ్వింది. తాతయ్య మాత్రం నవ్వలేదు. తనే స్వయంగా కుర్చీకి ఒక పక్క చెయ్యి వేసి మోసి బయటపెట్టాడు. "ఎల్లండి, ఎల్లి సదూకోండి," అని మమ్మల్ని అదిలించాడు.

ఇంటికెళ్లే దారిలో అడిగాను. "తాతా, ఆయన 'ఇప్పండి' అనేసుంటే?"

"అంటే సుత్తి ఇరిగిపోయేది."

"మరి బాదు మీద కొట్టేవు కదా?"

"బాదు మీదెందుకు కొడతానే అమ్మా, నాకేటి పిచ్చా? పక్కన నూనె డబ్బా ఉంటేనూ, దాని మీద కొట్టేను. సప్పుడు బాగా వత్తాది." కొంచెం దూరం నడిచాక, నేను అడగకుండానే అన్నాడు. "ఆయన సెడ్డోడు కాదు. పాపం ఎప్పుడూ కింద కూకోలేదు. ఎవరూ కూకోబెట్టలేదు."

సోమవారం పెద్దాఫీసరు వచ్చారు. స్వాగతం పాట మైదానంలో, ఎండలో, మాడు మాడేలా పాడాం. ఆయన కొత్త గది వైపు చూసి, ఆ కర్రలేమిటని అడిగారు. మా హెడ్‌మాస్టారు ఛాతీ విరిచి, "ఇరవై ఒక్క రోజులు సార్. క్యూరింగ్ విషయంలో నేను ఎవరు చెప్పినా వినను," అన్నారు. మామ్మ చుట్ట నిప్పు మింగేసినంత పని చేసింది.

ఇరవయ్యొకటో రోజున తాతయ్య తన ముక్కాలిపీట మీద కూర్చుని, చుట్ట ముట్టించి, "ఇప్పండ్రా బావా," అన్నాడు. నన్ను గడప దాటి రావద్దన్నాడు. గడప దగ్గర నా పక్కనే ఎవరో వచ్చి నిలబడినట్టయి చూస్తే హెడ్‌మాస్టారు. ఇద్దరం తాతయ్య చుట్ట వైపే చూస్తూ నిలబడ్డాం. ఒక్కొక్క బాదే ఊడింది. ఆఖరిది ఊడినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఆయనా మూసుకున్నారేమో చూడలేదు. తెరిచేసరికి చుట్ట వెలుగుతూనే ఉంది, కప్పు నిలబడే ఉంది.

మిగిలింది నా శిక్ష. వంద సార్లు రాయాల్సిన నోటు పుస్తకం అప్పటికీ ఖాళీగానే ఉంది. మర్నాడు దాన్ని అలాగే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. పేజీ తెరిచారు. ఒక్క అక్షరం లేదు. ఇంకో పేజీ తిప్పారు. నేను గడ్డం పైకెత్తి నిలబడ్డాను. ఆయన వంకాయరంగు సిరా కలం తీసి, ఖాళీ పేజీకి అడ్డంగా పెద్ద టిక్కు పెట్టి, అరవై నాలుగు వంకర్ల సంతకం చేసి, పుస్తకం నా చేతికిచ్చారు. "వెళ్లి కూర్చో," అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. నా సర్టిఫికెట్లన్నింటిలోనూ నేను అందరికీ చూపించేది అదొక్కటే.

అక్క డిక్షనరీ చెప్పకుండా వదిలేసిన 'ఎక్కువ' ఏమిటో నాకు ఆ రోజుల్లోనే తెలిసిపోయిందంటే అది నా మామూలు అతిశయోక్తి అవుతుంది. నెమ్మదిగా తెలిసింది. ఇంకా తెలుస్తోంది.

తలకి రంగు వేసుకోవడం మానేసిన ఈ వయసులో నేను ఎస్. రాయవరం వైపు ఒక హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌ని. ఆ మాట కూడా ఆ లాటిన్ తల్లి కడుపునే పుట్టింది. మొన్న వానలకి మా బడిలో ఒక గది కప్పు చెమ్మపట్టి, గోదావరి పాయల్లా బీటలు తీసింది. పిల్లల్ని వరండాలోకి మార్చి కబురు పెడితే ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. కారు దిగాడు, దూరం నుంచి ఫోనుతో రెండు ఫొటోలు తీశాడు, గది వాడుకోవచ్చని కాగితం రాయబోయాడు. పైనుంచి ఫోన్లు వచ్చాయట, తొందరగా తేల్చేయమని.

నేను కాదనలేదు. ఆఫీసు గదిలోంచి తాతయ్య ముక్కాలిపీట తెప్పించి ఆ బీట కింద వేయించాను. పక్కన నా కుర్చీ కూడా వేయించుకుని ముందు నేను కూర్చున్నాను. "రా నాయనా, ఇక్కడ కూర్చుని సంతకం పెట్టు. నాకు తొందరేం లేదు," అన్నాను.

అబ్బాయి పీట వైపు చూశాడు. కప్పు వైపు చూశాడు. "మేడమ్, ఇంకోసారి వచ్చి సరిగ్గా చెక్ చేస్తాను," అన్నాడు. వచ్చాడు కూడా, నిచ్చెన వేసుకుని, సుత్తితో కప్పంతా తట్టి చూశాడు. ఇప్పుడు ఆ గది కప్పు పగలగొట్టి కొత్తది వేస్తున్నారు. ఇరవై ఒక్క రోజులనీ అన్ని రోజులు అక్కర్లేదనీ నాకూ మేస్త్రికీ రోజూ తగువే.

పీట ఇప్పుడు ఆఫీసులో నా బల్ల కిందే ఉంటుంది. సంతకానికి ఏ కాగితం వచ్చినా, చెప్పు విప్పి కాలితో ఒకసారి దాన్ని తడుముకుంటాను. అది తగిలాకే కలం మూత తీస్తాను.